పద్యం వినేవాడి మెడల్

మా నాయన హాలీవుడ్ నటులకు కంబళ్ళు చదివించేవాడు. చెబితే ఎవరూ నమ్మరు గానీ, అనంతపురంలో మా అద్దె ఇంటి ముందు గదిలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, నా కళ్ళ ముందే పది మందికి తక్కువ కాకుండా చదివించాడు. అందరికీ ఒకటే కంబళి. తాను పరుచుకుని కూర్చున్నదే.

ఆయన మడకశిర పక్క పల్లెలో గొర్రెల కాపరి. వరసగా వానలు లేక, మేపు దొరక్క, ఉన్న మందను సంతలో అమ్మేసి, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నా దగ్గరికి వచ్చాడు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళు. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. మా ఆయనకు గుంతకల్లులో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం పోయేవాడు. వారమంతా ఇంట్లో నేను, నాయన, ఒక కలర్ టీవీ. కలర్ టీవీ అన్న మాటే గానీ, ఒంటిపూట క్లాసులు అయిపోయి ఇంటికి రాగానే నేను పెట్టే ఇంగ్లిష్ ఛానల్లో వచ్చేవన్నీ పాత నలుపు తెలుపు హాలీవుడ్ సినిమాలే.

"రంగుల టీవీ కొని రంగుల్లేని సినిమాలు చూసేదేందిమ్మా?" అని మొదటి రోజు నవ్వాడు. మూడో రోజు నుంచి నాకంటే ముందు ఆయనే కంబళి పరుచుకుని తయారుగా ఉండేవాడు.

నాకు ఆ సినిమాలంటే పిచ్చి. పిచ్చికి తగ్గ పుస్తకం కూడా ఒకటుండేది. బెంగళూరులో పాత పుస్తకాల బండి మీద కొన్నాను, ఇటుకంత లావు. ఏ ఏడాది ఆస్కార్ బంగారు బొమ్మ ఎవరికి ఇచ్చారో, పోటీలో ఎవరెవరు నిలబడ్డారో అంతా అందులో ఉండేది. సినిమా అవగానే పుస్తకం తీసి, ఈయనకు వచ్చింది, ఈమెకు రాలేదు అని చూసుకోవడం నా అలవాటు. ఏటా ఎండాకాలం ఇంటర్ పేపర్లు దిద్ది దిద్ది నాకు ఆ రోగం పట్టుకుంది. ఏ ప్రశ్నకైనా ఎక్కడో ఒక జవాబు పత్రం ఉంటుందని, దానితో కలిస్తే మార్కు, కలవకపోతే సున్నా అని.

నాయనకు ఇంగ్లిష్ ముక్క రాదు. కానీ వేషమంటే తెలుసు. ఇరవై ఏళ్ళు పద్య నాటకాలు ఆడినవాడు. అయితే ఆయనెప్పుడూ రాజు కాదు. రాజు వేషం మా పక్కింటి మామది. గొంతెత్తితే మూడు పల్లెలకు వినపడేది. నాయన మంత్రి, లేకపోతే దూత, లేకపోతే రాజు గారి తమ్ముడు. రాజు పద్యం ఎత్తుకుంటే ఎదురుగా నిలబడి వినే వేషం.

మా వైపు నాటకాల్లో బహుమతి ఇచ్చే పద్ధతి వేరు. వేషం నచ్చినవాళ్ళు ఆట జరుగుతుండగానే స్టేజీ దగ్గరికి పోయి, హార్మోనియం వాయించే ఆయన చెవిలో తమ పేరు చెప్పి, నచ్చిన వేషగాడి వైపు వేలు చూపిస్తారు. ఆయన పద్యం ఆపించి, ఫలానా ఊరి ఫలానా వారు ఈ పాత్రధారికి ఇది చదివిస్తున్నారని మైకులో చదువుతాడు. అందుకే వాటిని చదివింపులంటారు. టవలో, పంచో, కంబళో. కలిగినవాళ్ళయితే వెండి మెడల్. మెడల్‌ను అక్కడికక్కడే అంగీకి గుచ్చుతారు. వేషగాడు మూడు దిక్కులా దండం పెట్టి, పద్యాన్ని ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకుంటాడు.

అందుకని బంగారు బొమ్మ సంగతి చెప్పినప్పుడు నాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆట అయిపోయినాక ఎన్నాళ్ళకిస్తారు?" అని.

"ఏడాది తిరిగాక నాయనా. అందరూ చీటీలేస్తారు. కవర్లో పెట్టి సీలు వేస్తారు."

"ఏడాదికా! అప్పటికి వేషం సల్లారిపోయింటాది గదమ్మా. ఉడుకుడుకుగా ఉన్నప్పుడు ఇయ్యల్ల. ఆ చీటీలేసేటోళ్ళు ఆట చూసినారో లేదో ఎవురికెరుక?"

నేను నా ఇటుక పుస్తకం మూసేశాను.

ఇక మా తగువులు మొదలయ్యాయి. ఒక సినిమాలో లాయరు కోర్టులో పది నిమిషాలు ఆపకుండా మాట్లాడతాడు. గొంతు పెంచుతాడు, తగ్గిస్తాడు, కళ్ళజోడు తీసి తుడుస్తాడు. నేను ఊపిరి బిగపట్టి చూశాను. బొమ్మ ఆయనకే ఇచ్చారు, నా లెక్క కూడా అంతే. నాయన మాత్రం లేచి నిలబడి, టవలు భుజాన వేసుకుని, హార్మోనిస్టు గొంతుతో "ఆ బెంచీ మింద కూచున్న ముద్దాయి పెండ్లానికి మడకశిర తాలూకా గొర్రెల కాపరి ఒక కంబళి చదివిస్తాండాడు!" అని వీధిలోకి వినపడేట్టు చదివాడు. ఎదురింటావిడ గుమ్మంలోకి వచ్చి చూసింది.

"ఆమె ఒక్క మాటన్నా మాట్లాడిందా నాయనా?" అన్నాను.

"అదేనమ్మా నేను చెప్పేది. పద్యం పాడేటోనికి పద్యం తోడుంటాది. ఇనేటోనికి ఏముండాది? ఆయమ్మ ఇంటాంది గాబట్టే వాడు మాట్లాడేది నిజమనిపించినాది. ఆయమ్మ ఒక్క తూరి పక్కకు చూసింటే వాని పదినిమిసాలూ గాలికి పోయుండేవి."

ఇంకో సినిమాలో అన్నదమ్ములు ఎండిన పొలంలో బావి తవ్వుతారు. అన్న లోపల రాయి కొడుతూ, దేవుణ్ణి తిడుతూ, చివరికి నీళ్ళు పడ్డాక ఏడుస్తాడు. పుస్తకం ప్రకారం బొమ్మ అన్నకు. నాయన కంబళి మాత్రం, బావి పైన తాడు పట్టుకుని నిలబడ్డ తమ్ముడికి. "వాని సేతులు జూడు. తాడు ఒరుసుకుపోతాన్నా అన్నకు తెలీకూడదని మొగం ఎట్ల పెట్టుకున్నాడో జూడు" అన్నాడు. నేను చూడలేదు. నేనూ ఆ చీటీలు వేసినవాళ్ళలాగా బావిలోకే చూస్తూ కూర్చున్నాను.

అన్నిట్లోనూ ఓడిపోయానని కాదు. తాగుబోతు పాటకత్తె వేషం వేసిన ఒక నటి మీద మాత్రం నేను పట్టు వదల్లేదు. ఆమెకు బొమ్మ రాకపోవడం ఘోరమని నా అభిప్రాయం, ఇప్పటికీ అంతే. నాయన పెదవి విరిచాడు. "తాగినోడు తూలడమ్మా, తూలకుండా నడ్సల్లని సూస్తాడు. ఆయమ్మ ఊరికే తూలుతాంది" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. అయినా నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలుసు.

ఇంత నవ్వులాటలోనూ నాయనకు ఒక ముల్లు ఉండేది. పక్క ఊరి జాతరలో ఒకసారి, రాజు పెద్ద పద్యం పాడుతుండగా, పెద్ద రైతు ఒకాయన స్టేజీ దగ్గరికి వచ్చి వేలు చూపించాడట. నాయన కళ్ళతో చూశాడట, వేలు తనవైపే. కానీ హార్మోనిస్టు, మంత్రికి వెండి మెడల్ ఎవడిస్తాడు అనుకున్నాడో ఏమో, "రాజు పాత్రధారికి" అని చదివేశాడు. ఆ రైతు నోరు విప్పలేదు. మెడల్ రాజు అంగీకి గుచ్చారు. నాయన ఎదురుగా నిలబడి చూశాడు. అది ఆయన వైపు వచ్చిన ఒకే ఒక్క మెడల్. ఊళ్ళో ఎవరికి చెప్పినా నవ్వారు. అమ్మ కూడా నవ్వేది.

ఒక మధ్యాహ్నం ముసలి నటుడి సినిమా వచ్చింది. పాపం, మంచి వేషాలన్నీ వేసిన వయసులో ఆయనకు ఏమీ ఇవ్వకుండా, చివర్లో ఒక సాదా సినిమాకు ఇచ్చారు. "చూశావా, ఆలస్యమైనా తప్పు దిద్దుకున్నారు" అన్నాను.

నాయన తల అడ్డంగా ఊపాడు. "అది దిద్దినట్ల గాదు. ఆ వేషానికి ఇయ్యాల్సింది ఈ వేషానికిస్తే రెండిటికీ అన్యాయమే. ఆ పొద్దు నా మెడలు గూడ..." అని జాతర కథ మళ్ళీ ఎత్తుకున్నాడు.

నా ఒళ్ళో నలభై జవాబు పత్రాలున్నాయి. తెల్లారితే ఇచ్చేయాలి. "నాయనా, మంత్రికి మెడల్ ఎవరన్నా ఇస్తారా? ఆయన రాజునే చూపించి ఉంటాడు. నువ్వు పక్కన నిలబడినావు, అంతే" అన్నాను.

ఎర్ర పెన్నుతో సున్నా చుట్టినంత తేలిగ్గా అన్నాను. ఆయన కంబళి దులిపి, మడత పెట్టి, వెనక గదిలోకి పోయాడు.

పది రోజులు టీవీ ముందుకు రాలేదు. అన్నం పెడితే తిన్నాడు, పలకరిస్తే పలికాడు, కానీ రెండు గంటలకు సినిమా పెడితే చెప్పులు వేసుకుని ఎండలో బయటికి పోయేవాడు. నేను ఒక్కదాన్నే కూర్చుని, బొమ్మ వచ్చినవాళ్ళనూ రానివాళ్ళనూ చూశాను. ఒక్క సినిమా రుచించలేదు. నాకు తెలియకుండానే నా కళ్ళు పద్యం పాడేవాళ్ళను వదిలి వినేవాళ్ళ మీదికి పోతున్నాయి. గుమ్మం దగ్గర కోటు పట్టుకున్నవాడు, భోజనాల బల్ల చివర కూర్చున్న ఆడపడుచు. వాళ్ళెంత బాగా చేస్తున్నారో! నా ఇటుకలో వాళ్ళలో చాలామంది పేర్లే లేవు. ఆ వేలు తనవైపేనని ముప్పై ఏళ్ళు ఒక మనిషి చెబుతుంటే, ఒక్కసారైనా నమ్మి చూడనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడే రాజు వేషం మామ కళ్ళు చూపించుకోవడానికి అనంతపురం వస్తున్నాడని తెలిసింది. ఆసుపత్రి పని కాగానే మా ఇంటికే భోజనానికి రమ్మని ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేసి చెప్పించాను. నా ఎత్తు నాకుంది. సాక్షి ఆయనొక్కడే మిగిలాడు. హార్మోనిస్టూ పోయాడు, ఆ రైతూ పోయాడు.

మామ వచ్చాడు. రాగిముద్ద, పప్పు తిని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాయన కూడా తప్పనిసరిగా ముందు గదిలోనే కూర్చున్నాడు, కంబళి మీదే. నేను ఉండబట్టలేక అడిగేశాను. "మామా, ఆ జాతరలో వెండి మెడల్ ఇచ్చిన రైతు వేలు ఎవరి వైపు చూపించాడు?"

నాయన తలెత్తలేదు. కానీ ఆయన కాలి బొటనవేలు కదలడం ఆగిపోయింది.

మామ టవలుతో ముఖం తుడుచుకున్నాడు. "అబద్దం చెప్పకూడదు పాపా. నాకు తెల్దు. నేను కండ్లు మూసుకొని గదా పాడేది. మొగాన సెమట బడితే తెరిసినా. అప్పుటికే పిన్నీసు గుచ్చుతాండారు."

"పోనీ, ఆ మెడల్ ఉందా మామా?"

"యాడుంటాది? మనమరాలికి కాలిపట్టీలు చేపిచ్చినా." నాయన వైపు తిరిగి, "నీదైతే అప్పుడే అడగాల్సింది గద బావా. ఇచ్చేసుందును" అన్నాడు.

"అడిగి తీసుకుంటే అది మెడలేందప్పా" అన్నాడు నాయన. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నాకు ఏడుపొచ్చింది. తగువు తీరుద్దామని పిలిచి, ఉన్న ఒక్క ఆశనూ తీసేశాను.

ఏం చేయాలో తోచక టీవీ పెట్టాను. పేర్లు పడుతుండగానే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. ముగ్గురం ఉక్కలో కూర్చున్నాం. ఊరికే కూర్చోలేని మామ సన్నగా రాగం తీశాడు. తీస్తూ తీస్తూ పద్యంలోకి దిగాడు. రాజ్యం వదిలి పోతున్న రాజు మంత్రికి చివరిసారి చెప్పుకునే పద్యం. గొంతు వణికింది గానీ చావలేదు.

నాయన లేచి నిలబడ్డాడు. ఎవరూ అడగలేదు. చేతులు కట్టుకుని, కొంచెం ముందుకు వంగి, వినడం మొదలుపెట్టాడు.

నేను ఆయన నాటకాలు చిన్నప్పుడు చూశాను, రాజునే చూశాను. మంత్రిని చూడటం ఇదే మొదలు. రాజు ఊరి పేరు పలికితే నాయన ముఖంలో ఊరు కనిపించింది. రాజు గొంతు ఎక్కడ అందక జారిందో, అక్కడ ఈయన ఒక్క అర అడుగు ముందుకు వేశాడు. దాంతో ముసలి గొంతు జారడం దుఃఖమైపోయింది. నా ఇటుక పుస్తకంలో ఉన్నవాళ్ళలో ఇంత బాగా విన్నవాణ్ణి నేను చూడలేదు. నాయన కాబట్టి అనడం లేదు.

ఏడాది ఆగే పని లేదు. లేచాను. "ఆపండి మామా!" అన్నాను. పద్యం ఆగింది. "అనంతపురం జూనియర్ కాలేజీ ఇంగ్లిష్ మేడమ్ మంత్రి పాత్రధారికి వెండి మెడల్ చదివిస్తున్నారు!" అని గట్టిగా చదివి, చేయి చాచి, వేలు సూటిగా నాయన వైపు చూపించాను. మెడల్ నా దగ్గర లేదు. పైటకున్న పిన్నీసు తీసి ఆయన అంగీకి పెట్టాను. ఎదురింటావిడ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

నాయన కదల్లేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. రాజు చెప్పేది ఇంకా మిగిలి ఉంది మరి. మామ మిగిలిన రెండు పాదాలూ పాడి ముగించేదాకా అలాగే నిలబడి విన్నాడు. ముగిశాక మూడు దిక్కులా దండం పెట్టాడు, టీవీకి, నాకు, ఎదురింటావిడకు.

తర్వాత మామ వైపు తిరిగి, "ఏమప్పా, ఈ తూరన్నా కండ్లు తెరిసి పాడితివా? పాప వేలు యాడికి చూపిచ్చిందో చూస్తివా?" అని అడిగాడు.

"చూస్తి బావా," అన్నాడు మామ. "నీ దిక్కే."