పై వాటాకి ఇచ్చిన పాస్‌వర్డ్

మాది పాలకొల్లు. ఇల్లు, పిల్లలంటూ ఐదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాక, ఒక పెద్ద స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగానికి ఆన్‌లైన్ డెమో క్లాసు చెప్పే అవకాశం వచ్చింది. పాఠం మొదలుపెట్టిన పది నిమిషాలకే కంప్యూటర్లో బొమ్మ ఆగిపోయింది. అవతల ప్రిన్సిపాల్ మేడమ్ "వినపడటం లేదండీ" అంటున్నారు.

సరిగ్గా అప్పుడే పై వాటాలో అద్దెకుంటున్నాయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఏంటండీ, మీ నెట్ ఇంత స్లోగా ఉంది? పిల్లల కంప్యూటర్లు రెండూ, నాదీ కూడా ఆగిపోయాయి. కంపెనీవాళ్లకి కాస్త ఫోన్ చెయ్యండి."

నేను మా ఆయన వైపు చూశాను.

"అడిగితే పాస్‌వర్డ్ ఇవ్వనని ఎలా అంటామే? కరివేపాకు ఇవ్వట్లేదా?" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. విసురుగా లేచి రూటర్ వైరు పీకి పారేశాను. వాళ్ల నెట్‌తోపాటు నా డెమో కూడా పోయిందని మళ్లీ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది. వైరు తగిలించేసరికి అవతల ఎవరూ లేరు. ఆ ఉద్యోగం నాకు రాలేదు.

మొహమాటం ఆయనది, నష్టం నాది. ఆ సాయంత్రమే ఆయన మేడెక్కి, నా కోపానికి పై వాటావాళ్లకి క్షమాపణ చెప్పి వచ్చారు. నాకు మాత్రం ఇప్పటివరకూ చెప్పలేదు.