మొదటి గుక్క తాగిన సారు

మా సైన్సు సారు పోయారు. గత్తర సోకి, వాంతులూ విరేచనాలతో ఒక్క పగటిలో పోయారు. మా ఊరికి దగ్గరి అచ్చంపేటలో బస్సు దిగుతుండగానే ఆ కబురు అందింది. అప్పుడు నా చేతిలో ఆయన తెమ్మన్న ఎర్రమందు ఉంది.

కాలేజీ వాదపోటీల్లో ఎదుటివాని నోరు మూయించడం నాకు అలవాటు. ఇప్పుడు ఎవరి నోరు మూయించినా ఆయన తిరిగి రారు. అందుకే పాఠకులతో వాదించను. జరిగింది చెబుతాను.

బడిలో పాఠం ఉర్దూలోనే సాగాలన్నది సర్కారు నియమం. సారు దాన్ని పాటించేవారు. గంట కొట్టగానే మాత్రం చొక్కా జేబులోంచి పటికో, గంధకమో, మైలుతుత్తమో తీసి తెలుగులోకి దిగేవారు. "పేరు ఎవడైనా చెప్తడు. గుణం చెప్పు" అనేవారు. గంధకం నీలిమంటతో ఎందుకు మండుతుంది, కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే ఎందుకు ఉడుకుతుంది, పటిక తిప్పితే బురద ఎందుకు అడుగుకు దిగుతుంది? ఇంత శాస్త్రం మా ఇళ్లలోనే ఉందని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. మైలుతుత్తం ముట్టిన చేయి కడుక్కోనిదే ఎవరినీ కదలనిచ్చేవారు కాదు.

ఈ ఎండాకాలం మా ఊళ్లో గత్తర లేచింది. సర్కారు మనిషి వచ్చి ఊరి బావిలో పొటాషియం పర్మాంగనేటు, అంటే మా జనం చెప్పే ఎర్రమందు, వేసి పోయాడు. ఊరి బయట కూలివాళ్ల గూడెం బావి వైపు తొంగి కూడా చూడలేదు. సారు పెద్దకాపుల ఇంటి మనిషి. తన దగ్గరున్న మందు పట్టుకొని ఆ గూడేనికి నడిచారు. వెంట నేనూ వెళ్లాను.

మందు వేయగానే బావి నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఒక్కరూ చేద వేయలేదు. నేను గట్టెక్కి క్రిముల గురించి, మూఢత్వం గురించి ఉపన్యాసం దంచాను. చివరికి ఒక అవ్వ అంది: "మంచిగ మాట్లాడినవ్ కొడుకా. గంత మాట్లాడినంక దూప కాలేదా? జర నువ్వు తాగరాదా మరి!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సారు చేదతో తోడుకొని కడుపునిండా తాగారు.

"రోజూ మొదటి గుక్క నాది. నాకేమన్నయితే మీరు ముట్టకుండ్రి" అన్నారు. "గీ మందు మురికిని తింటది. తిన్నకొద్ది దీని రంగు పోతది. తెల్లారి జర రంగు మిగిలుంటె నీళ్లు మంచిగైనట్టు. మొత్తం పోతె మళ్ల వెయ్యాలె."

ఐదు రోజులు గూడెంలో కొత్తగా ఎవరూ జబ్బున పడలేదు. ఆరో రోజు మందు అయిపోయింది.

"పాలమూరు పో. వాదం పెట్టుకోకు. దరఖాస్తు రాసిచ్చి మందు తీసుకొని రా" అని సారు నన్ను పంపారు.

అక్కడి సర్కారు దఫ్తరులో గుమాస్తా దరఖాస్తు ఉర్దూలో రాయమన్నాడు. నాకు ఉర్దూ వచ్చు. అయినా తెలుగులోనే రాస్తానని పట్టుబట్టాను. గూడెం బావిని ఎందుకు వదిలేశారని నిలదీశాను. మందే లేదన్నాడు. మూడో రోజు తలవంచి ఉర్దూలో రాసిచ్చాను. గంటలో మందు చేతికొచ్చింది.

ఆ మూడు రోజుల సంగతి తర్వాత ఆ అవ్వే చెప్పింది. బావిలో రంగు పోయింది. ఆ నీళ్లు తాగొద్దని సారు చెప్పడంతో జనం వాగు ఇసుకలో చెలిమె తవ్వుకొని ఆ నీళ్లు తెచ్చుకున్నారు. ఎగువనేమో రోగుల బట్టలు ఉతుకుతున్నారు. మరిగించి తాగండని సారు ఇల్లిల్లూ తిరిగారు. అవ్వ తన గుమ్మంలో మరిగించని చెలిమె నీళ్ల ముంత అందిస్తే ఆయన చేయి చాపలేదు.

"'మా ఇంట్ల నీళ్లు ముట్టవా సారూ, బాయికాడ తాగుడంత ఉత్తదేనా?' అని నేనే అన్న కొడుకా. ముంత అందుకొని తాగిండు. గా నీళ్ల గుణం ఆయనకు ఎర్కనే గద!"

గూడెం మాత్రం ఎర్రమందే ఆయనను చంపిందంటోంది. మొదటి గుక్క తాగింది ఆయన, పోయిందీ ఆయన. దీనికి నా దగ్గర జవాబు ఉంది. వినేవారు లేరు.

నిన్న పొద్దున బావిలో మందు వేసి, తోడి, అందరి ముందూ తాగాను. ఆడవాళ్లు నన్ను దాటి వాగు వైపు సాగారు. అవ్వ ఒక్కతే ఆగి వాళ్ల వెనుక అరిచింది: "మందు కాదే! నా ముంత నీళ్లే! నేనే తాగించిన!"

ఎవరూ తిరిగి చూడలేదు. ఖాళీ కుండలు ఒకదాని వెనుక ఒకటి ఎండలో వాగు ఇసుకలోకి దిగిపోయాయి.