పంక్‌కు డప్పు దొరికింది: కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా

పంక్ రాక్‌ను ఇంగ్లీషోళ్ల గోల అనేవాళ్లతో వాదించి విసిగిపోయాను. పెళ్లి డీజేకు రాని తలనొప్పి వీళ్లకు మా పాటకే వస్తుంది. పని దొరకని కుర్రాళ్లు చేతికందిన గిటార్లతో కట్టిన సంగీతం అది. లండన్‌లో వాళ్లు పక్కవీధి జమైకా వాళ్ల రెగ్గే దరువునూ కలుపుకున్నారు. కరీంనగర్‌లో గ్రానైట్ పాలిష్ చేసే నేను ఫోన్ చూసి గిటార్ మీద మూడు కార్డ్స్ పట్టడం నేర్చుకున్నాను. కోపం ఎవరూ నేర్పక్కర్లేదు. మా డ్రమ్మర్ ఉద్యోగానికి పుణె వెళ్లిపోయాక బ్యాండ్‌లో నేనూ, బేస్ వాయించే రఫీక్ మిగిలాం. మా పక్కవీధి దరువు డప్పే కదా అనిపించింది. నాతో పనిచేసే ఒకతను ఆదిలాబాద్‌లో డప్పు కొట్టే తన మేనమామ భూమన్న గురించి చెప్పాడు.

"గాయన గూడ రానంటె నా బేస్ అమ్మేస్త. మల్ల నన్ను అడగకు," అన్నాడు రఫీక్.

ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కాం. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఐదారు గంటలు. టికెట్ నాలుగు వందల లోపే. నా ఒళ్లో గిటార్ మోగించే బ్యాటరీ యాంప్ డబ్బా చూసి కండక్టర్ ఆగాడు.

"గదేంది తమ్మీ, పెండ్లి మైకా?"

"పంక్ రాక్ అన్నా."

"ఏదైతేంది, నా బస్సుల వెట్టకు."

నిర్మల్ దాటాక ఘాట్ మలుపుల్లో టేకు అడవి. కిటికీ సీటు పట్టుకోవాల్సింది అందుకే.

భూమన్న వాకిట్లో చాయ్ తాగగానే మేం ఫుల్ స్పీడులో మొదలుపెట్టాం. ఆయన డప్పు ముట్టలేదు. లేచి వెళ్లి, ఎండుగడ్డి పోగేసి అంటించాడు. రెండు నిమిషాల్లో మా పాట అయిపోయింది. రఫీక్ మొహం మాడ్చుకుని బేస్ సంచిలో పెట్టబోయాడు.

"యాడికి పిలగా?" అన్నాడు భూమన్న.

"నీకు నచ్చలే గద కాక."

"నచ్చుడు తర్వాత. డప్పు కాగలే. మీ డబ్బ స్విచ్చేస్తె మోగుతది, గీ తోలు మంట సూడంది పలకది. జర ఓపిక వట్టు."

తోలు బిగిశాక కొట్టాడు. మా వేళ్లు అందుకోలేకపోయాయి. రఫీక్ తప్పులు వాయిస్తూ పగలబడి నవ్వాడు.

"గిదా మీ కొత్త పాట? సావు ముంగట మేం గిట్లనే కొడ్తం. మీరే జర మెల్లగున్నరు," అన్నాడు భూమన్న.

"వచ్చే నెల కరీంనగర్‌ల ప్రోగ్రాం ఉంది. వస్తవా కాక?" అని అడిగాను.

"వస్త. మంట వెట్టుకోనిస్తరా?"

మేం మాట్లాడుకున్న హాల్లో అగ్గిపుల్ల కూడా గీయనివ్వరు. రఫీక్ నా వైపు చూశాడు. "హాల్ క్యాన్సిల్. గ్రౌండ్‌ల వెడ్దాం," అన్నాడు, బేస్ మళ్లీ మెడలో వేసుకుంటూ.

పంక్ అంటే ఎవడి కోసమూ ఆగకపోవడమే అనుకునేవాణ్ని. ఇక మా ప్రోగ్రాంలో రెండు పాటలకోసారి డప్పు కాగేదాకా ఆగుతాం. జనమంతా వచ్చి మంట చుట్టూ నిలబడాలి. అదీ మా పాటలో భాగమే, నచ్చనివాడు ఇంటికి పోవచ్చు. మీరూ డప్పు వినడానికి బయల్దేరితే చలికాలంలో వెళ్లండి. వానాకాలం గాలికి తోలు వదులవుతుంది. అప్పుడే వెళ్లక తప్పదంటే, ఎండుగడ్డి ఒక మోపు మీరే తీసుకెళ్లండి.