తువ్వాలు కింద పిడికిలి

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులోనే ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

చిత్తూరులో నాకు బెల్లం మండీ ఉండేది. మునిరత్నం నా దగ్గర పన్నెండేళ్లు గుమాస్తా. బెల్లం ముద్ద పగలగొట్టి, వాసన చూసి, ఏ ఊరి చెరకో చెప్పేవాడు. తర్వాత సొంతంగా చిన్న మండీ పెట్టుకున్నాడు. పలమనేరు బళ్లు నా గుమ్మం దాటి వెళ్లి వాడి దగ్గర ఆగేవి. నాకు కడుపు మండేది. నా దగ్గర నేర్చుకున్నవాడే కదా, చూసి సంతోషించాలి కదా? ఎందుకు సంతోషించలేకపోయాను?

వాడు మండీ పెట్టిన కొన్నేళ్లకు మార్కెట్ కమిటీలో వర్తకుల తరఫున ఒక చోటు ఖాళీ అయింది. మునిరత్నం వచ్చాడు.

"ఆ చోటు దొరికితే మండీల్లో తూకాలు సరిచేయిస్తా సామీ. మీరు లేచి నా పేరు సెప్తే సాలు."

"నేను గాక ఇంకెవరు సెప్తారప్పా? ఈడ పెరిగినోడివి."

చెప్పాను. సభలో లేచి, వాడి నిజాయితీని పొగిడి, పేరు ప్రతిపాదించాను. కానీ మా బేరాల్లో నోటిమాట పైకి మాత్రమే. అసలు ధర తువ్వాలు కింద, ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని చెప్పుకుంటాం. వద్దనుకుంటే పిడికిలి మూస్తాం. ఓటుకు ముందు వర్తకులు ఒక్కొక్కరే నా పక్కన కూర్చుని, నా తువ్వాలు కిందికి చెయ్యి పెట్టారు. నా అసలు మాట ఏమిటని అడగడం అది. ఒక్క వేలు చాపితే సరిపోయేది. ప్రతి చేతిలోనూ పిడికిలి మూశాను. ఎదురుగా మునిరత్నం, నేను తన కోసమే అడుగుతున్నాననుకుని, నాకు చేతులు జోడించాడు. నేను నవ్వాను.

చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యి ఒక్కటే లేచింది.

తూకాలకు భయపడ్డానని అనుకుంటారేమో. కాదు. నా తూకం సరిగ్గానే ఉండేది. నేను కోరుకోని ఆ కుర్చీలోనైనా వాణ్ణి చూడలేననిపించింది, అంతే. అసూయకు అంతకన్నా కారణం కావాలా?

నలుగురిలో తల ఎత్తుకోలేక వాడు మండీ మూసేసి, పలమనేరు దగ్గర అత్తగారి చెరకు చేలో పనికి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా కాళ్లకు దండం పెట్టాడు.

"మీరొక్కరే సెయ్యెత్తినారు సామీ. సచ్చేదాకా మరిసిపోను."

మరిచిపోలేదు. ఏటా కొత్త బెల్లంలో మొదటి ముద్ద నాకే పంపుతాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడని భయం. అందుకని తింటాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాడు వాడు, వాడికి చెప్పే ధైర్యం నాకు ఈనాటికీ లేదు. ఒక్కసారైనా తువ్వాలు తీసేసి చెప్పాలనిపించింది. చెప్పాను.