నాలుగు ఇస్పేట్లు

క్లబ్బులో ఎనిమిది పేక బల్లలకు పాత ఆకుపచ్చ గుడ్డ పీకేసి కొత్తది బిగించాలని టేపమ్మకు కబురొచ్చింది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు కనుక ఆ పేరు. అసలు పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఇంకెక్కడా వినపడదు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. బజారు చివర చిన్న కుట్టు దుకాణం. జిప్పులు మార్చడం, ప్యాంట్ల అంచులు మడవడం, సోఫాలకు తొడుగులు కుట్టడం ఆమె పని.

క్లబ్బులో పని నాలుగు రోజులు పట్టింది. ఒక బల్ల దగ్గర ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మేకులు పీకుతుంటే పక్క బల్లల మీద ఆట నడుస్తూనే ఉండేది. పేకాట అంటే అరుపులూ కేకలూ అనుకున్న ఆమెకు ఆ నిశ్శబ్దం వింతగా తోచింది. ఒకరు "ఒక ఇస్పేటు" అంటారు. ఇంకొకరు "పాస్" అంటారు. మూడో ఆయన "రెండు ఆఠీన్లు" అని ఊరుకుంటాడు. అనే ముందు ప్రతివాళ్ళూ చేతిలో పదమూడు ముక్కలూ చూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో కూడుకుంటారు. మూడో రోజుకు ఆమె నోరు ఆగలేదు.

"ఏం లెక్కపెడుతున్నారండీ?" అని సెక్రటరీ గారిని అడిగింది.

ఆయన రిటైరైన ఇంజనీరు. ముక్కలు గుండెకు ఆనించుకుని కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఇది బ్రిడ్జమ్మా, రమ్మీ కాదు. దీనికి చదువుండాలి, బుర్రుండాలి. నువ్వు మూలలు సరిగ్గా మడిచిపెట్టు, చాలు."

చుట్టూ ఉన్న ముగ్గురూ నవ్వారు. టేపమ్మ మళ్ళీ మేకుల మీదికి వంగింది. మూలలు మాత్రం ఎవరూ వంక పెట్టలేనంత తీరుగా మడిచింది. ఒళ్ళు మండినా పని చెడగొట్టే రకం కాదు ఆమె.

ఇంటికొచ్చేసరికి వదిన వరండాలో కూర్చుని పత్రికలో గళ్ళు నింపుతోంది. వదిన అంటే భర్తకు అక్కగారు. అరవై ఎనిమిదేళ్ళు. ఇరవై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి, ఒంటరిగా ఉండలేక తమ్ముడింట్లో ముందు గది తీసుకుంది. వదినా మరదళ్ళు ఉప్పూ నిప్పూ కాదు గానీ, ఇద్దరి మధ్యా రోజుకు పది మాటలు దాటేవి కావు.

"వదినా, బ్రిడ్జంటే ఏంటి?"

వదిన పెన్ను ఆగింది. "ఎవరన్నారు ఆ మాట నీతో?"

జరిగింది చెప్పింది. వింటున్నకొద్దీ వదిన ముఖం గట్టిపడింది. ఎక్స్ఛేంజీలో భోజనాల వేళ నలుగురు ఆడవాళ్ళం ఆడేవాళ్ళమంది. ఒకసారి ఇదే క్లబ్బులో పోటీకి వెళ్ళబోతే, ఆడవాళ్ళకు బల్ల లేదని గుమ్మంలోనే ఆపేశారట. తరవాత మిషన్లొచ్చి ఆపరేటర్లు చెల్లాచెదురయ్యారు. పేక కట్ట ట్రంకు పెట్టె అడుగుకు చేరింది.

"ఇరవై ఆరేళ్ళయింది. లెక్క మరిచిపోయాననుకున్నావా?" అంటూ లేచింది వదిన. "బల్ల మీద ఆ గుడ్డముక్కలు తియ్యి."

అలా మొదలైంది. కత్తిరింపు బల్ల మీద, గుడ్డల మీద గీతలు గీసే సుద్దతో వదిన రాసింది. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి.

"నాలుగు రంగులూ కలిపితే ఎంత?"

"నలభై," అంది టేపమ్మ తడుముకోకుండా.

"నలుగురు ఆడతారు. ఒక్కొక్కరికి సగటున పది. నీ చేతిలో పన్నెండో పదమూడో ఉంటేనే ముందుగా నోరు విప్పాలి. లేకపోతే పాస్."

"మరి పదికి ఏమీ లేదా? తొమ్మిదికి?"

"లేదు."

"అదేం న్యాయం?"

"న్యాయం సంగతి నాకు తెలీదు. లెక్క ఇది."

ఈ ఆటలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే అది ఒక పట్టు. అలాంటివి పదమూడు. ఎన్ని పట్లు గెలుస్తామో, ఏ రంగు తురుఫుగా, అంటే మిగతా రంగుల్ని కోసే రంగుగా, గెలుస్తామో ముందే వేలంపాట పాడాలి. ఆరు పట్లు ఎలాగూ లెక్కలో ఉన్నట్టే. "ఒక ఇస్పేటు" అంటే ఏడు గెలుస్తామని, "నాలుగు ఇస్పేట్లు" అంటే పది గెలుస్తామని మాట ఇచ్చినట్టు. జోడీ చేతిలో ఏముందో చూడకూడదు, అడగకూడదు. పాటలో వినపడిందాన్ని బట్టే తెలుసుకోవాలి.

"అంటే ఫోన్లో మాట్లాడుకున్నట్టన్నమాట," అంది టేపమ్మ.

"ట్రంకు కాల్‌లో. మూడు నిమిషాలే టైము. ఉన్నది చెప్పు, లేనిది చెప్పకు, చెప్పిందే మళ్ళీ చెప్పకు."

చెప్పినంత తేలిక కాలేదు. మొదటి నెలంతా టేపమ్మ తొమ్మిది పాయింట్లకే ఎగిరి పాడేది, ఢామ్మని పడేది. కళ్ళ ముందు క్లబ్బులో నవ్విన ముఖాలు ఆడుతుంటే పాస్ అనడానికి నోరు వచ్చేది కాదు. ఒకరోజు ఎనిమిది పాయింట్లతో "ఒక ఆఠీను" అంది. వదిన ముక్కలు బల్ల మీద పడేసింది.

"ఏం చూసి పాడావు?"

"ఎంతసేపని నోరు మూసుకోమంటావు వదినా? మంచి ముక్కలు రాకపోతే చచ్చేదాకా పాస్ అంటూ కూర్చోవాలా?"

"కూర్చోవాలి. నీ కోపానికి పాయింట్లు లేవు, తెలుసా? నువ్వు నాకు అబద్ధం చెబితే నేను దాన్ని నమ్మి మునుగుతాను. వాళ్ళ మీద కసి నా మీద తీర్చుకోకు!"

రెండు రోజులు పేక కట్ట బయటికి రాలేదు. మూడో రోజు టేపమ్మ టీ గ్లాసు పట్టుకెళ్ళి వదిన ముందు పెట్టి, "పన్నెండు లేకపోతే పాడను," అంది. వదిన టీ తాగి, "పద," అంది.

నలుగురు కావాలి కదా. మూడో చెయ్యి టేపమ్మ భర్త, సిటీ బస్సు డ్రైవరు. "పేకాట పట్టిన ఇల్లు పీకి పందిరేసినట్టే," అని మొదట గొణిగాడు. డబ్బు పందెం లేదని నమ్మకం కుదిరాక కూర్చున్నాడు. నాలుగో చెయ్యి ఎదురింటి మందుల షాపాయన. ఆయన చీటీల మీద డాక్టర్ల రాత చదివీ చదివీ దేనికీ బెదరని మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు కుట్టు దుకాణం తలుపు సగం వేసి నలుగురూ ఆడేవారు. డ్రైవరు మహా జాగ్రత్త మనిషి. పద్దెనిమిది పాయింట్లున్నా పాస్ అనేవాడు. "ఎర్ర లైటు పడిందా తమ్ముడూ?" అని వదిన దెప్పేది.

చలికాలం వచ్చేసరికి టేపమ్మకు రెండో పాఠం ఒంటబట్టింది. పాయింట్లొక్కటే లెక్క కాదు. జోడీ చెప్పిన రంగు మన దగ్గరా నాలుగు ముక్కలుండి, ఇంకో రంగు అసలు లేదనుకో, ఆ లేకపోవడమే బలం. అవతలివాళ్ళు ఆ రంగులో ఆసు వేసినా మన తురుఫు ముక్కతో కోసిపారేయొచ్చు. అలాంటి ఖాళీకి అయిదు పాయింట్లు కలుపుకోమంది వదిన. ఒకే ముక్క ఉంటే మూడు, రెండుంటే ఒకటి.

"జోడీతో రంగు కుదిరాకే సుమా. కుదరకముందు ఖాళీ అంటే ఉత్త ఖాళీయే."

టేపమ్మ ఆ మాట ఒకటికి రెండుసార్లు తనలో తాను అనుకుంది. మూరల లెక్కన ఒకటే అయినా పన్నా, అంటే గుడ్డ వెడల్పు, తేడా వస్తే చొక్కా అవుతుందో కాదో చెప్పలేమని ఆమెకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ నెలలోనే క్లబ్బు గేటు దగ్గర నోటీసు పెట్టారు. వచ్చే ఆదివారం పోటీ. ఏ ఇద్దరైనా జట్టుగా రావచ్చు. టేపమ్మ ఆగి చదివింది, మళ్ళీ చదివింది, ఇంటికెళ్ళి ఫారం నింపింది.

ఆదివారం ఉదయం గుమ్మంలో సెక్రటరీ గారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏమ్మా, గుడ్డ ఎక్కడైనా ఊడిందా? మేం పిలవలేదే."

"ఆడటానికొచ్చామండీ. ఈవిడ మా వదిన, నా జోడీ."

"ఇది మెంబర్ల..."

"ఏ ఇద్దరైనా అని నోటీసులో రాసింది మీరే కదండీ. కింద సంతకం కూడా మీదే. కొట్టేసి మళ్ళీ రాస్తారా? రాయండి, నిలబడతాం."

వెనక జనం పోగవుతున్నారు. పోటీ నడిపే ఆవిడ, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన లెక్చరరు, లోపలి నుంచి వచ్చి ఫారం చూసింది. "సరిగ్గానే ఉందండీ. ఏడో బల్ల," అంది. వదిన మోకాలి నొప్పి మరిచి నిటారుగా నడిచి లోపలికెళ్ళింది.

మొదటి గంట ఏమీ గొప్పగా సాగలేదు. ఒక ఆటలో టేపమ్మ తురుఫు లెక్క తప్పింది. ఇంకో ఆటలో వదిన నిద్రపోయినట్టు పాస్ అంది.  అయినా టేపమ్మ నియమం దాటలేదు. పదకొండు వస్తే పదకొండే, నోరు మూసుకుంది.

తరవాత సెక్రటరీ గారి బల్ల. ఆయనకు జోడీ కళ్ళ డాక్టరు. టేపమ్మ ముక్కలు తీసి పేర్చుకుంది. ఇస్పేటు రాజూ, దానితో ఇంకో మూడు ఇస్పేట్లూ. డైమను ఆసూ, వెనక నాలుగు. కళావరు రాణీ, వెనక మూడు. ఆఠీను ఒక్కటంటే ఒక్కటి లేదు. మూడూ నాలుగూ రెండూ, తొమ్మిది పాయింట్లు.

వదిన మొదలుపెట్టింది. "ఒక ఇస్పేటు."

"రెండు ఆఠీన్లు," అన్నాడు డాక్టరు.

టేపమ్మ మరోసారి ముక్కలు చూసుకుంది. ముందుగా ఇస్పేటు పాడిందంటే వదినకు కనీసం అయిదు ఇస్పేట్లు ఉన్నట్టు, పాయింట్లు పన్నెండుకు తక్కువ లేనట్టు. రంగు కుదిరింది. తనకు తొమ్మిది, ఖాళీకి అయిదు, మొత్తం పద్నాలుగు. ఇద్దరివీ కలిపితే ఇరవై ఆరు, పది పట్లకు సరిపడా. ఇది కోపం కాదు. లెక్కే.

"నాలుగు ఇస్పేట్లు."

సెక్రటరీ గారు నవ్వు దాచుకోలేదు. "డబుల్." మీరు ఓడతారు, ఆ ఓటమికి రెట్టింపు కట్టండి అని దాని అర్థం.

వదిన పాస్ అంది. డాక్టరూ పాస్ అన్నాడు. మాట మళ్ళీ టేపమ్మ దగ్గరికొచ్చింది. ఇంకెవరైనా అయితే చాల్లే అని ఊరుకునేవారు.

"రీడబుల్," అంది ఆమె, ఆయన కళ్ళలోకి సూటిగా చూసి. ఆ రెట్టింపును మళ్ళీ రెట్టింపు చేద్దాం, గెలిచేది మేమే అని.

డాక్టరు ఆఠీను ఆసు వేశాడు. ఇస్పేటు ముందు పాడింది వదిన కనుక, ఆట నియమం ప్రకారం టేపమ్మ తన ముక్కలు బల్ల మీద పరిచింది. అక్కడి నుంచి రెండు చేతులూ ఆడేది వదినే. ఆఠీను ఆసును టేపమ్మ ముక్కల్లోని ఇస్పేటు మూడుతో కోసింది వదిన. తన చేతిలో ఉన్న ఇంకో రెండు ఆఠీన్లనూ అలాగే కోయించింది. మధ్యలో డైమను రాజు, కళావరు ఆసు తీసుకుంది. ఎక్స్ఛేంజీలో తీగలు మార్చిన చేతులు కదా, ఒక్క ముక్క తడబడలేదు. పది కావాలంటే పదకొండు వచ్చాయి.

సెక్రటరీ గారి ముఖం ఎర్రబడింది. "ఇది కుదరదు. తొమ్మిది పాయింట్లతో ఎవరైనా నాలుక్కి ఎగురుతారా? పైగా రీడబులా? వీళ్ళిద్దరూ ఒకే ఇంటివాళ్ళు. ఏదో సైగ చేసుకున్నారు!"

హాలంతా తలలు తిప్పింది. లెక్చరరు వచ్చి నిలబడింది. వదిన ఏదో అనబోతే టేపమ్మ చేత్తో ఆపింది.

"నన్ను చెప్పనీ వదినా." లేచి నిలబడింది. "సైగ చేసుకోలేదండీ. తొమ్మిది నిజమే. కానీ మా వదిన చెప్పిన రంగు నా దగ్గర నాలుగుంది. ఆఠీను అసలు లేదు. డాక్టరు గారు ఆఠీన్లు పాడారు కాబట్టి ఆ ఖాళీ ఇంకా పనికొస్తుంది. దానికి అయిదు. మొత్తం పద్నాలుగు. ఆవిడకు కనీసం పన్నెండు. ఇరవై ఆరుకు పది పట్లు పాడాలి. ఇందులో రహస్యమేముంది? నా ముక్కలు ఇవిగో, మీరూ లెక్కపెట్టండి. మీరు డబుల్ అన్నది దేన్ని చూసి? మీ ముక్కల్ని చూసా, నన్ను చూసా?"

ఎవరూ నవ్వలేదు. కళ్ళ డాక్టరు బల్ల మీద పరిచిన ముక్కల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టి, "పద్నాలుగేనండీ. నేనైనా అదే పాడేవాణ్ణి," అన్నాడు మెల్లగా.

"పాట సరైనదే," అంది లెక్చరరు. "సైగ అన్న మాట వెనక్కి తీసుకుంటారా, ఫిర్యాదు కాగితం మీద రాసిస్తారా?"

సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవడానికి అందులో ఏమీ లేదు. "తీసుకుంటున్నాను," అన్నాడు లెక్చరరుతో.

"నాతో చెప్పండి," అంది టేపమ్మ.

కొంచెం సేపు పట్టింది. కానీ చెప్పాడు.

పదహారు జట్లలో వాళ్ళది పదకొండో స్థానం. బహుమతి దరిదాపుల్లో కూడా లేరు. బయటికొస్తుంటే లెక్చరరు గుమ్మం దాకా వచ్చి, గురువారాలు కూడా ఆట ఉంటుందనీ, మెంబరు ఫారాలు తన దగ్గరే ఉన్నాయనీ చెప్పింది. టేపమ్మ రెండు అడిగి తీసుకుంది.

వదిన బస్టాపు దాకా మెల్లగా నడిచింది. అక్కడ బెంచీ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "నాలుగు ఇస్పేట్లు సరే. ఆ రీడబుల్ మాత్రం నేను నేర్పలేదు. అది లెక్క కాదు," అంది.

"కాదు," అంది టేపమ్మ. "అది నాది."

"కళావర్లు వాళ్ళ చేతుల్లో ఇంకోలా పడుంటే మునిగేవాళ్ళం."

"పది పట్లకు మునిగేవాళ్ళం కాదు. లెక్కపెట్టు కావాలంటే."

వదిన సంచీలోంచి పేక కట్ట తీసింది. ఇద్దరూ బెంచీ మీద ముక్కలు పరిచి ఆ ఆటే మళ్ళీ మొదటినుంచీ, కళావర్లు అటూ ఇటూ మార్చి, గొంతులు పెంచి వాదించుకుంటూ ఆడారు. వాళ్ళెక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది.