వాడి కళ్ళు గీసిన రోజు

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ స్టేషన్ దగ్గర నా తల మీద లాఠీ దెబ్బ పడ్డప్పుడు, నన్ను దవాఖానకు చేర్చింది వాడే. మేమిద్దరం ఒకే గదిలో ఉండి చదువుకునేవాళ్ళం. కుట్లు వేస్తున్నంతసేపూ నా ముఖాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, "నా దిక్కే చూడు, ఇంకెటూ చూడకు" అంటూనే ఉన్నాడు.

తర్వాత నేను మహబూబాబాద్‌లో ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. వాడు సొంతూరు తరిగొప్పులలో చాలా ఏళ్ళు సేద్యం చేసి, చివరికి భూపాలపల్లిలో బొగ్గుగని పనికి కుదిరాడు. సెలవు దొరికితే వచ్చి నా స్టూడియో బెంచీ మీద పడుకునేవాడు. కెమెరా ఎత్తితే, "నాకెందుకు రా, రీలు దండుగ" అని ముఖం తిప్పుకునేవాడు. నేనూ పట్టుపట్టలేదు. ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాను.

కామెర్లు వచ్చి పదిహేను రోజుల్లో పోయాడు. కబురు తెచ్చిన వాడి తమ్ముడు, "అన్నా, అవ్వ కెమెరా తెమ్మన్నది" అని వాళ్ళమ్మ మాట చెప్పాడు.

తరిగొప్పులలో వాడిని గోడకు ఆనించి కూర్చోబెట్టారు. నా దస్తీతో ముఖం తుడిచి, తల దువ్వాను. అన్నేళ్ళ స్నేహంలో వాడి చెంప తాకడం నాకదే మొదటిసారి. గడ్డం కింది నుంచి చెయ్యి తీస్తే తల వాలిపోతోంది. చివరికి తమ్ముడు వెనక నుంచి పట్టుకుంటే ఫోటో తీశాను.

"కండ్లు తెరిపియ్యి బిడ్డా," అంది వాళ్ళమ్మ. "ఫోటోల తెరిపిస్తరట గద."

నిజమే. ఫోటోలో మూసిన రెప్పల మీద సన్నటి కుంచెతో కళ్ళు గీస్తాం. అలాంటివి ఎన్నో చేశాను. వాడి ఫోటో ముందు పెట్టుకుంటే మాత్రం ఆ కళ్ళు ఎలా ఉండేవో గుర్తు రాలేదు. రెండు రోజులు కూర్చుని, చివరికి అద్దంలో నావి చూసి గీశాను.

పటం అందుకుని ఆమె కొంగుతో తుడిచింది. "నా కొడుకే," అంది తర్వాత.

ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళినా, ఏ మూల కూర్చున్నా, గోడ మీద వాడి ముఖంలోంచి నేనే నన్ను చూస్తుండేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, కండ్లు మంచిగ రాలే. జర పటమియ్యి, కొత్తది చేసుకొస్త."

ఆమె లేచి పటానికి అడ్డంగా నిలబడింది.

"వద్దు బిడ్డా. కొత్తది చెయ్యాల్నంటే మల్ల మూసిన కండ్ల కాడినుంచే మొదలువెట్టాలె గద."

ఆ తర్వాత చనిపోయినవాళ్ళ ఫోటోలకు కళ్ళు గీయడం మానేశాను. ఎవరైనా అడిగితే చెయ్యి వణుకుతోందని చెప్పేవాణ్ణి.