భూమి లెక్క చెప్పిన టీచరమ్మ

ఇంటర్ ఫిజిక్సు రెండోసారీ తప్పి, చదువు మానేద్దామనుకుంటున్న రోజులవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ, సైన్సు టీచరుగా రిటైరయిందట, నా ఒళ్లో పుస్తకం చూసి, "ఏంది బిడ్డా, గట్ల పరేషానున్నవ్?" అంది.

"భూమి ద్రవ్యరాశి ఎలా కనుక్కున్నారో అర్థం కావట్లేదండీ."

ఆమె సంచిలోంచి జామకాయ తీసి నా అరచేతిలో పెట్టింది. "బరువున్నదా? భూమి గుంజుతాంది, గంతే. రెండు సీసం గుండ్లు గూడ ఒకదాన్నొకటి జరంత గుంజుకుంటయ్. గది కొలిచిండ్రు. గుండ్ల బరువు, వాటి నడుమ దూరం ఎర్కనే. భూమి ఎంత గుంజుతదో, దాని నడిమికి ఎంత దూరమో ముందే ఎర్క. రెండు గుంజుడులు పోల్చి చూస్తే భూమి లెక్క తేలింది."

నాకు మొదటిసారి అర్థమైంది. అదంతా నా మాటల్లో తిరిగి చెప్పాను.

"మస్తు చెప్పినవ్. నువ్వు టీచర్‌వైతవ్ బిడ్డా," అని నవ్వి, శామీర్‌పేటలో దిగిపోయింది.

ఇప్పుడు పిల్లలకు ఫిజిక్సు చెబుతున్నాను. పేరైనా తెలియని ఆమెకు మనసులోనే దండం పెట్టుకుంటాను. అంతకుముందు నాకు ఆ మాట ఎవరూ అనలేదు.